పాయింట్లతో కాశీయాత్ర: బెంగళూరు నుంచి నాలుగు రైళ్ల టికెట్లు అమర్చుకునే పద్ధతి

మారతహళ్లిలోనో కృష్ణరాజపురంలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో, హైదరాబాదులో ఉన్న అమ్మానాన్నలు ఏదో ఒకనాడు ఫోనులో కాశీ మాట ఎత్తుతారు. తీసుకువెళ్లవలసిన వ్యక్తి బెంగళూరులో ఉంటాడు, వెళ్లవలసినవాళ్లు సికింద్రాబాదులో ఉంటారు, మధ్యలో గయ ఉంటుంది, తిరుగు ప్రయాణంలో ఎవరి ఊరికి వారు చేరాలి. ఒక్క రైలుతో తేలే ప్రయాణం కాదిది. అదే సమయంలో, నాలుగేళ్లుగా రైలు టికెట్లు కొన్న క్రెడిట్ కార్డులో నాలుగైదు వేల పాయింట్లు పోగుపడి ఉంటాయి, వాటిని ఎక్కడో ఒకచోట ఖర్చు చేయాలని చెయ్యి దురద పెడుతూ ఉంటుంది.

ఆ దురదే మొదటి పొరపాటు చేయిస్తుంది. నేను తొలిసారి ఈ ఏర్పాటు చేసినప్పుడు, అన్నిటికన్నా ఖరీదైనది కదా అని పాయింట్లన్నీ తిరుగు టికెట్టు మీద పెట్టాను. కాశీలో నాన్నగారు మరో మూడు రోజులు ఉందామన్నారు. టికెట్టు రద్దు చేసి కొత్తది కొనే వేళకు పాయింట్లు ఇంకా ఖాతాలోకి తిరిగి రాలేదు, రెండోసారి జేబులోంచే కట్టుకోవలసి వచ్చింది. డబ్బు పోతే ఆ స్థానంలో వేరే డబ్బు పెట్టవచ్చు గానీ, ఇరుక్కుపోయిన పాయింట్ల స్థానంలో పెట్టడానికి వేరే పాయింట్లుండవు. అందువల్ల ఈ మార్గదర్శి అంతటా ఒకే క్రమం పాటిస్తాను: ముందు రైళ్ల గొలుసు గట్టిగా ఉందో లేదో చూసుకోవాలి, తరువాత ఆ గొలుసులో తెగే అవకాశం అతి తక్కువగా ఉన్న ముక్కను గుర్తించాలి, పాయింట్లు దాని మీదే పెట్టాలి.

పాయింటు అసలు విలువ ఎంత

ఎస్‌బీఐ, బ్యాంక్ ఆఫ్ బరోడా, హెచ్‌డీఎఫ్‌సీ వంటి బ్యాంకులు ఐఆర్‌సీటీసీతో కలిసి ప్రత్యేక క్రెడిట్ కార్డులు ఇస్తున్నాయి. ఒక్కో బ్యాంకు లెక్క ఒక్కో రకంగా ఉంటుంది కనుక, మనవాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించే ఎస్‌బీఐ కార్డును ఉదాహరణగా తీసుకుంటాను. దానితో ఐఆర్‌సీటీసీ వెబ్‌సైటులో గానీ యాప్‌లో గానీ ఫస్ట్ ఏసీ, సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, ఛైర్ కార్, ఎగ్జిక్యూటివ్ ఛైర్ కార్ టికెట్లు కొంటే గరిష్ఠంగా 10 శాతం విలువ పాయింట్ల రూపంలో తిరిగి వస్తుంది. టికెట్టు కొనేటప్పుడు ఒక పాయింటు ఒక రూపాయితో సమానం.

ఇక్కడ చాలామంది గమనించని చిన్న మెలిక ఉంది. పాయింట్లతో కొన్న భాగానికి కార్డు గీకలేదు కనుక, ఆ భాగం మీద రావలసిన కొత్త పాయింట్లు రావు. వెయ్యి రూపాయల టికెట్టును కార్డుతో కొంటే వంద పాయింట్లు వస్తాయనుకుందాం. అదే టికెట్టును వెయ్యి పాయింట్లతో కొంటే ఆ వంద మనం వదులుకున్నట్టే. అంటే ఏసీ టికెట్టు మీద వాడిన పాయింటు పేరుకు రూపాయే గానీ లెక్కకు తొంభై పైసలు. ఈ తరుగు ఏ ఏసీ తరగతిలోనైనా ఒకే నిష్పత్తిలో ఉంటుంది కాబట్టి, "ఏ టికెట్టు మీద వాడితే ఎక్కువ లాభం" అని గంటలు గంటలు కూర్చుని లెక్కలు వేయడం వృథా. ఎక్కడ వాడినా లాభం అంతే, ఎక్కడ వాడితే నష్టపోయే ప్రమాదం తక్కువ అన్నది మాత్రం రైలు రైలుకూ మారుతుంది.

లెక్క వేసుకునేటప్పుడు పాయింట్లను మూల ఛార్జీకి ఎదురుగా మాత్రమే పెట్టుకోండి. థర్డ్ ఏసీలో మనిషికి 40 రూపాయల రిజర్వేషన్ రుసుము, రైలు సూపర్‌ఫాస్ట్ అయితే మరో 45 రూపాయలు, ఏసీ తరగతులకు 5 శాతం జీఎస్టీ, టికెట్టుకు 30 రూపాయలూ దాని మీద పన్నూ కలిపిన ఐఆర్‌సీటీసీ సౌకర్య రుసుము జేబులోంచి పోతాయనుకుంటే చివరి తెరలో ఆశ్చర్యపోవలసిన పని ఉండదు. అలాగే ఒక టికెట్టు మూల ఛార్జీని మొత్తంగా తీర్చగలిగినన్ని పాయింట్లు ఉన్నచోటే వాడాలని నియమం పెట్టుకోండి. సగం పాయింట్లు, సగం డబ్బు అనే ఊహతో ప్రణాళిక వేయకండి.

ఖాతాను ముందే సిద్ధం చేసుకోవడం

ఈ పని టికెట్లు తెరుచుకునే రోజుకు కనీసం రెండు వారాల ముందు పూర్తి కావాలి. బ్యాంకు ఇచ్చిన లాయల్టీ నంబరును ఐఆర్‌సీటీసీ ఖాతాలోని లాయల్టీ విభాగంలో జతచేసి, అక్కడ కనిపించే పాయింట్లూ బ్యాంకు బిల్లులో కనిపించే పాయింట్లూ ఒకటేనా అని సరిపోల్చాలి. కార్డు మీద ఉన్న పదహారంకెల నంబరునే లాయల్టీ నంబరు అనుకుని పదే పదే కొట్టేవాళ్లను నేను చూశాను, అవి రెండూ వేరు. పాయింట్లకు గడువు ఉంటుంది కనుక, ఏవి ఎప్పుడు ముగుస్తాయో బిల్లులో చూసి రాసిపెట్టుకోండి.

తరువాత ఆధార్ ధ్రువీకరణ. సాధారణ రిజర్వేషన్ తెరుచుకున్న తొలి నిమిషాల్లో ఆధార్ ధ్రువీకరించిన ఖాతాలకే ఆన్‌లైనులో టికెట్లు ఇవ్వడం 2025 అక్టోబరు 1న మొదలైంది, 2026 జనవరిలో దాన్ని తెరుచుకున్న రోజంతటికీ పొడిగించారు. తత్కాల్‌కు ఈ నిబంధన అంతకు ముందే, ఆ ఏడాది జులైలోనే వచ్చింది. ఆధార్ లేని ఖాతాకు నెలకు 12 టికెట్లు, ఉన్న ఖాతాకు 24 టికెట్లు పరిమితి. మన యాత్రకు ఎనిమిది తొమ్మిది టికెట్లు పడతాయి, వాటిలో రెండు మూడు మార్చుకోవలసి వస్తే పన్నెండు దాటడం ఎంతసేపు? చివరగా ముగ్గురి పేర్లూ, వయసులూ గుర్తింపు కార్డుల్లో ఉన్నట్టే, ప్రయాణికుల వివరాలు ముందుగా దాచిపెట్టుకునే ఐఆర్‌సీటీసీ మాస్టర్ జాబితాలో చేర్చండి. టికెట్లు తెరుచుకునే ఉదయం 8 గంటలకు అమ్మగారి ఇంటిపేరు ముందు వస్తుందా వెనక వస్తుందా అని ఫోను చేసి అడిగే వ్యవధి ఉండదు.

గొలుసు గీయడం

కాగితం మీద రైళ్లను కాకుండా ముందు మనుషులను గీయండి. ఎవరు ఎక్కడ ఎక్కుతారు, ఎక్కడ కలుస్తారు, ఎక్కడ విడిపోతారు అన్నది తేలితే రైళ్లు వాటంతట అవే తేలతాయి. ఉదాహరణకు జనవరి 20న బెంగళూరులో బయలుదేరి, 21న సికింద్రాబాదులో అమ్మానాన్నలను కలుపుకుని, 22న కాశీ చేరి, తొమ్మిది నిద్రలు చేసి, గయలో పిండప్రదానం ముగించి, ఫిబ్రవరి 2న తిరుగు రైలు ఎక్కే యాత్ర అనుకుందాం. (సంక్రాంతి వారంలో పెట్టుకోకండి. బెంగళూరు నుంచి తెలుగు నేల వైపు వెళ్లే ప్రతి రైలూ అప్పుడు నిండి ఉంటుంది.)

మొదటి ముక్క యశ్వంతపురం నుంచి కాచిగూడకు వందేభారత్. హిందూపురం, ధర్మవరం, అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ మీదుగా మధ్యాహ్నం బయలుదేరి రాత్రి కాచిగూడ చేరుతుంది. రెండోది సికింద్రాబాద్–దానాపూర్ ఎక్స్‌ప్రెస్. కాజీపేట, బల్హార్షా, నాగపూర్, ఇటార్సీ, జబల్‌పూర్, ప్రయాగరాజ్ ఛివ్‌కీ మీదుగా పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌కు వెళ్తుంది. ఈ జంక్షన్‌నే 2018 దాకా మొగల్‌సరాయి అనేవారు, మన పెద్దవాళ్లకు ఇప్పటికీ ఆ పేరే తెలుసు. కాశీ అక్కడికి పదహారు పదిహేడు కిలోమీటర్లు. మూడోది ఆ జంక్షన్ నుంచి గయకు పోయి రావడం. నాలుగోది తిరుగు ప్రయాణం: అమ్మానాన్నలు దానాపూర్–సికింద్రాబాద్ రైలులో, మీరు సంఘమిత్రలో.

సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ బెంగళూరు నుంచి చెన్నై, విజయవాడ, నాగపూర్ మీదుగా నేరుగా మొగల్‌సరాయి వెళ్తుంది. ఒక్కరే వెళ్తున్నా, పెద్దవాళ్లు విజయవాడలో ఉన్నా, ఈ గొలుసంతా మానేసి దానికే టికెట్టు కొనుక్కోండి. రైలు ఛార్జీ దూరం పెరిగే కొద్దీ కిలోమీటరుకు తగ్గుతూ పోతుంది కనుక, ఒకే దూరాన్ని రెండు టికెట్లుగా విరిస్తే రెండింటి మొత్తం ఎప్పుడూ ఎక్కువే అవుతుంది, పైగా రిజర్వేషన్, సూపర్‌ఫాస్ట్ రుసుములు రెండుసార్లు పడతాయి. పాయింట్లున్నాయి కదా అని అక్కరలేని ముక్కలు చేసుకోవడం దుబారా.

స్టేషన్ల పేర్లు రెండుసార్లు చదవాలి. బెంగళూరులో మెజెస్టిక్ దగ్గరి కేఎస్‌ఆర్, యశ్వంతపురం, 2022 జూన్ నుంచి రైళ్లు నడుస్తున్న బయ్యప్పనహళ్లి విశ్వేశ్వరయ్య టెర్మినల్ మూడూ మూడు దిక్కుల్లో ఉన్నాయి. సంఘమిత్ర ఇప్పుడు బయ్యప్పనహళ్లి రైలు, వందేభారత్ యశ్వంతపురం రైలు. మారతహళ్లి నుంచి యశ్వంతపురానికి పనిదినాన మధ్యాహ్నం పూట రెండు గంటలు కేటాయించుకోండి. హైదరాబాదులోనూ అంతే. 2025 జనవరిలో కొత్త చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమైన తరువాత కొన్ని రైళ్లు అక్కడికి మారాయి, సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం వల్ల కూడా మార్పులు జరుగుతున్నాయి. టికెట్టు మీద ఎక్కే స్టేషన్ ఏది రాసి ఉందో అదే నమ్మాలి, రైలు పేరును కాదు.

టికెట్లను మనుషుల వారీగా విడదీయడం

ముగ్గురం కలిసి వెళ్తున్నాం కనుక రెండో ముక్కకు ముగ్గురి పేర్లతో ఒకే టికెట్టు కొనాలనిపిస్తుంది. కొనకండి. అమ్మానాన్నలకు ఒక పీఎన్ఆర్, మీకు ఒక పీఎన్ఆర్ ఉండాలి. దీనికి మూడు కారణాలున్నాయి.

రైల్వేలో 60 ఏళ్లు దాటిన పురుషులకూ, 45 ఏళ్లు దాటిన మహిళలకూ కింది బెర్తుల కోటా ఉంది. అయితే అది ఒక టికెట్టు మీద ఒక్కరు గానీ, ఆ అర్హత ఉన్న ఇద్దరు గానీ ప్రయాణించేటప్పుడే వర్తిస్తుంది. మూడో పేరుగా మీరు చేరిన మరుక్షణం ఆ కోటా చేజారుతుంది. వృద్ధులకు ఛార్జీలో రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, ఇప్పుడు రైల్వే వారికి ఇస్తున్న నిజమైన సౌకర్యం ఈ కింది బెర్తే. మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఒక పగలూ రాత్రీ పై బెర్తు ఎక్కి దిగడం కన్నా, కొడుకు వేరే పెట్టెలో ఉండడమే మేలు.

రెండో కారణం, కనెక్టింగ్ ప్రయాణాల నిబంధన. 2019 ఏప్రిల్ నుంచి రెండు పీఎన్ఆర్‌లను ఒకదానికొకటి కలిపే వీలుంది. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే, ప్రయాణించని భాగానికి కోత లేకుండా డబ్బు వెనక్కి వస్తుంది. కానీ రెండు టికెట్ల మీదా ప్రయాణికుల వివరాలు ఒకటే అయి ఉండాలి. బెంగళూరు నుంచి ఒక్కరే వచ్చి, సికింద్రాబాదులో ముగ్గురైతే ఆ రెండింటినీ కలపడం కుదరదు. మీ టికెట్టు వేరుగా ఉంటేనే కలుస్తుంది.

మూడోది పాయింట్లకు సంబంధించినది. ఒకే టికెట్టు మీద ముగ్గురుంటే మూల ఛార్జీ మీ పాయింట్లను మించిపోవచ్చు, ఇద్దరిదే అయితే సరిపోవచ్చు. ఇలా విడదీసినందుకు అదనంగా పడేది ఒక టికెట్టు సౌకర్య రుసుము మాత్రమే. రిజర్వేషన్ రుసుము మనిషికింత అని వసూలు చేస్తారు కనుక అది పెరగదు.

ఏ రోజు ఏ టికెట్టు తెరుచుకుంటుంది

2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ వ్యవధి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది, ప్రయాణ దినం ఇందులో లెక్కకు రాదు. జనవరి 20 నాటి వందేభారత్ నవంబరు 21న తెరుచుకుంటుంది. జనవరి 21 నాటి దానాపూర్ రైలు నవంబరు 22న, ఫిబ్రవరి 2 నాటి తిరుగు రైళ్లు డిసెంబరు 4న. అన్నీ ఉదయం 8 గంటలకే. రైలు బయలుదేరే మొదటి స్టేషన్ తేదీనే లెక్కలోకి తీసుకుంటారు కనుక, మీరు మధ్యలో అర్ధరాత్రి దాటాక ఎక్కే రైలు అయితే మీ తేదీకన్నా ఒక రోజు ముందే తెరుచుకుంటుంది. ఢిల్లీ వైపు నుంచి వచ్చే గయ రైళ్ల దగ్గర ఇది తప్పకుండా చూసుకోవాలి.

వరుస ప్రకారం మొదటి ముక్క ముందు తెరుచుకుంటుంది గనుక దాన్నే ముందు కొనేస్తారు. నా అభిప్రాయం అది కాదు. రెండు రాష్ట్రాల యాత్రికులూ, ఉత్తరాది కూలీలూ, విద్యార్థులూ అందరూ ఎక్కే దానాపూర్ రైలే ఈ గొలుసులో దొరకడం కష్టమైనది. పండుగ రోజులు కాకపోతే పగటిపూట ఛైర్ కార్ ఒక్క రోజులో నిండిపోదు. అందుకని నవంబరు 21న ఊరికే చూసి ఊరుకుని, 22న దానాపూర్ టికెట్లు దొరికాక, అప్పుడే వందేభారత్ కొనండి. ముందే కొని తరువాత రద్దు చేసుకుంటే, ఎంత ముందుగా రద్దు చేసినా ఛైర్ కార్, థర్డ్ ఏసీలకు మనిషికి 180 రూపాయలూ జీఎస్టీ, సెకండ్ ఏసీకి 200 రూపాయలూ జీఎస్టీ పోతాయి. తేదీ ఎటూ కదలని కుటుంబమైతే, ఆ 180 రూపాయల ప్రమాదానికి సిద్ధపడి 21నే కొనడమూ తప్పేమీ కాదు.

తిరుగు టికెట్టు తెరుచుకోవడానికి ఇంకా పన్నెండు రోజులు ఉంటుంది. వెళ్లడానికి కొన్న టికెట్ల మీద వచ్చే పాయింట్లతో తిరుగు టికెట్టు కొందామనే ఆలోచన పెట్టుకోకండి. ఆ పాయింట్లు బిల్లు చక్రం తిరిగాక గానీ చేతికి రావు.

పాయింట్లు ఎక్కడ పెట్టాలి

మీ దగ్గర 4,600 పాయింట్లున్నాయనుకుందాం. మూల ఛార్జీలు ఇలా ఉన్నాయనుకుందాం (లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలే ఇవి, ఆనాటి ఛార్జీలు తెర మీద చూసుకోవాలి): వందేభారత్ 1,250, దానాపూర్ రైలులో అమ్మానాన్నలకు 3,400, మీకు 1,700, తిరుగు ప్రయాణంలో వారికి 3,400, సంఘమిత్రలో మీకు 2,300, గయ టికెట్లు అన్నీ కలిపి 1,500.

మొదట కనిపించే జోడీ వందేభారత్, అమ్మానాన్నల దానాపూర్ టికెట్టు. రెండూ కలిపి 4,650, మన దగ్గర ఉన్నది 4,600. యాభై పాయింట్ల కోసం బాధపడకండి, ఆ జోడీ సరిపోయినా నేను వద్దనేవాణ్ణే. వందేభారత్ టికెట్టు మీ దానాపూర్ టికెట్టుతో కనెక్టింగ్‌గా కలవవలసినది. రేపు వాపసు కోసం దరఖాస్తు చేసుకునే అవసరం వస్తే, డబ్బుతో కొన్న టికెట్టు లెక్క తేటగా ఉంటుంది.

తిరుగు టికెట్ల సంగతి ముందే చెప్పాను. కాశీలో తొమ్మిది నిద్రలన్నవాళ్లు ఏడో రోజుకే ఇంటి మీద బెంగ పెట్టుకోవచ్చు, లేదా మరో రెండు రోజులు గంగ ఒడ్డున కూర్చుందామనవచ్చు. గయలో పురోహితుడు ఇచ్చిన తేదీ అటూ ఇటూ కావచ్చు. ఈ గొలుసులో సాగే గుణం ఉన్న ముక్క అదే, సాగేదాని మీద పాయింట్లు పెట్టకూడదు. గయ రైళ్లు ఢిల్లీ వైపు నుంచి వస్తాయి, జనవరి నెలాఖరులో గంగా మైదానం పొగమంచులో ఉంటుంది, నాలుగైదు గంటల ఆలస్యం అక్కడ వింతేమీ కాదు. అవసరమైతే టికెట్టు వదిలేసి కారు మాట్లాడుకునే దారి అది, దాదాపు 200 కిలోమీటర్లు. అక్కడా వద్దు.

మిగిలింది అమ్మానాన్నల సికింద్రాబాద్–మొగల్‌సరాయి టికెట్టు. వారు ఇంటి నుంచి నేరుగా స్టేషన్‌కు వస్తారు, మరో రైలు మీద ఆధారపడరు. ప్రయాణానికి మంచిరోజు చూసి పెట్టుకున్న తేదీ కనుక అది కదలదు. ఏ పీఎన్ఆర్‌తోనూ కలిపి లేదు. మూల ఛార్జీ 3,400 పాయింట్లతో పూర్తిగా తీరిపోతుంది. పాయింట్లు అక్కడ పెట్టండి. మిగిలిన 1,200ను వాడేయకుండా ఉంచుకుంటే, చివరి నిమిషంలో మారిన ఒక చిన్న టికెట్టుకు పనికివస్తాయి.

బుకింగ్ రోజున ముందు పాయింట్ల టికెట్టే కొనాలి, ఎందుకంటే కింది బెర్తులు ముందే అయిపోతాయి. అది కన్ఫర్మ్ అని తెర మీద చూసిన వెంటనే మీ టికెట్టు డబ్బుతో కొనండి. మొదటి దానికి కన్ఫర్మ్ బెర్తు కాకుండా వెయిటింగ్ లిస్టు చూపిస్తుంటే పాయింట్లు వాడకుండా ఆగి, మరుసటి రోజు రైలు చూడండి. యాత్ర మొత్తాన్ని ఒక రోజు వెనక్కి జరపడం, వెయిటింగ్ లిస్టులో పాయింట్లు బిగించుకోవడం కన్నా మంచిది.

కలపడం, వ్యవధి, టీడీఆర్

మీ వందేభారత్ టికెట్టునూ మీ దానాపూర్ టికెట్టునూ ఐఆర్‌సీటీసీలోని కనెక్టింగ్ ప్రయాణం సదుపాయంతో కలపండి. మొదటి రైలు దిగే స్టేషన్, రెండో రైలు ఎక్కే స్టేషన్ ఒకటే కావాలి, లేదా రైల్వే ఒకే సమూహంగా గుర్తించినవి కావాలి. కలిపేది రెండు పీఎన్ఆర్‌లనే, నాలుగు ముక్కల గొలుసునంతా ఒకే తాడుతో కట్టలేరు. మొదటి రైలు ఆలస్యం వల్ల రెండోది తప్పిపోతే, మొదటి రైలు వాస్తవంగా చేరిన సమయం నుంచి 3 గంటల లోపు ఆన్‌లైనులో టీడీఆర్, అంటే డబ్బు వాపసు కోరే దరఖాస్తు, దాఖలు చేయాలి. ఆ హడావుడిలో ఈ గడువే అందరూ మరచిపోయేది, ఫోనులో ముందే రాసిపెట్టుకోండి.

అయినా వాపసు వచ్చేది డబ్బే గానీ ప్రయాణం కాదు. అమ్మానాన్నలు ప్లాట్‌ఫాం మీద నిలబడి, మీరు షాద్‌నగర్ దగ్గర ఆగిన రైలులో కూర్చుంటే ఏ నిబంధనా ఆదుకోదు. బెంగళూరులో రాత్రి రైలు ఎక్కి తెల్లవారి కాచిగూడలో దిగి, అదే ఉదయం దానాపూర్ రైలు అందుకోవచ్చు కదా, ఒక పగలు సెలవు మిగులుతుంది కదా అని చాలామంది అడుగుతారు. నేను ముందు రోజే వందేభారత్ ఎక్కి, రాత్రి ఇంట్లో అమ్మ చేతి చారన్నం తిని, పొద్దున్న ముగ్గురం ఒకే ఆటోలో స్టేషన్‌కు వెళ్లేలా చూసుకుంటాను. సామాన్లు మోయడానికి కూడా మనిషి ఉంటాడు.

వెయిటింగ్ లిస్టు దగ్గర జాగ్రత్తలు

తిరుగు ప్రయాణానికి మొగల్‌సరాయి మధ్య స్టేషన్. అక్కడి నుంచి కొంటే రైలు మొదటి స్టేషన్ కోటా కాకుండా దారిమధ్య స్టేషన్ల కోటా పడవచ్చు, ఆ వెయిటింగ్ లిస్టు నెమ్మదిగా కదులుతుంది. అలాంటప్పుడు దానాపూర్ నుంచి టికెట్టు కొని, ఎక్కే స్టేషన్‌గా దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ పెట్టుకునే దారి ఉంది. దూరం మీద ఛార్జీ రేటు తగ్గుతూ పోతుందని చెప్పుకున్నాం కనుక, అంత పొడవైన ప్రయాణంలో ఈ అదనపు దూరానికి పడేది పెద్ద మొత్తం కాదు. ఎక్కే స్టేషన్ ఒకసారి మార్చాక పాత స్టేషన్‌లో ఎక్కే హక్కు ఉండదన్నది మాత్రం గుర్తుండాలి.

ఆన్‌లైను టికెట్టు చార్టు తయారయ్యే వేళకు కూడా మొత్తంగా వెయిటింగ్ లిస్టులోనే ఉంటే అది దానంతట అదే రద్దవుతుంది, డబ్బు వెనక్కి వస్తుంది. కానీ గొలుసులోని మిగతా టికెట్లు మాత్రం అలాగే బతికి ఉంటాయి, వాటిని మీరే రద్దు చేయాలి. ఒక ముక్క తెగితే ఏవి రద్దు చేయాలి, ఏ వరుసలో చేయాలి అన్నది ముందే ఒక కాగితం మీద రాసుకోండి. వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి వేరే రైలులో చోటు చూపే వికల్ప్ అనే గడిని అలవాటుగా టిక్కు పెట్టేవాళ్లు ఈ యాత్రలో ఆగి ఆలోచించాలి. అది మీకు వేరే రైలులో బెర్తు ఇప్పిస్తే పాత రైలు ఎక్కడానికి వీలుండదు, గంటల తేడాతో దాని తరువాతి రైలు కూడా తప్పిపోవచ్చు. చివరి ముక్కకు తప్ప మరి దేనికీ నేను అది ఎంచుకోను.

ఆలస్యం మరీ ఎక్కువైతే ఇంకో నిబంధన ఉంది. మీరు ఎక్కవలసిన స్టేషన్‌లో రైలు 3 గంటలకు మించి ఆలస్యంగా నడుస్తుంటే, ప్రయాణం మానుకుని, అది కదలక ముందే టీడీఆర్ దాఖలు చేస్తే పూర్తి వాపసు వస్తుంది. పొగమంచు రోజుల్లో గయ టికెట్లకు ఇది పనికివచ్చే సంగతి.

తిరిగి వచ్చాక

పాయింట్ల పేరుతో జరిగే మోసాలు మన ఇళ్లలోకి ఫోను ద్వారానే వస్తాయి. "మీ 4,600 పాయింట్లు ఈ రాత్రితో ముగిసిపోతాయి, ఈ లింకు నొక్కండి" అనే సందేశం యాత్ర ఏర్పాట్ల మధ్యలో వస్తే నిజమేననిపిస్తుంది. గడువు తేదీ మీరు ముందే బిల్లులో చూసి రాసుకున్నారు కనుక ఆ కాగితాన్నే నమ్మండి. పొరపాటున ఓటీపీ చెప్పేసి ఉంటే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

తరువాతి రెండు బిల్లుల్లో మూడు సంగతులు సరిచూడండి. డబ్బుతో కొన్న ప్రతి ఏసీ టికెట్టుకూ పాయింట్లు చేరాయా, రద్దు చేసిన టికెట్ల వాపసు వచ్చిందా, రద్దయిన టికెట్ల మీద వచ్చిన పాయింట్లను బ్యాంకు వెనక్కి తీసుకుందా. మూడోది మనకు నష్టమే గానీ, అది ఎంతో తెలియకపోతే మిగిలిన 1,200 ఇంకా ఉన్నాయనుకుని వచ్చే ఏడాది తిరుపతికో పూరీకో లెక్క వేసుకుంటాం.